సౌండ్ కార్డు పరీక్ష: ఖాళీ డెస్క్‌టాప్ మీద కాదు, ఆట నడుస్తుండగా

సౌండ్ కార్డు అట్టపెట్టె మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో కనిపించేది ఎస్‌ఎన్‌ఆర్ అంకె, అంటే నాయిస్ కన్నా అసలు శబ్దం ఎన్ని డెసిబెల్స్ (డీబీ) పైన ఉందో చెప్పేది. సౌండ్ బ్లాస్టర్ జెడ్‌కు 116 డీబీ, సౌండ్ బ్లాస్టర్ఎక్స్ ఏఈ-5కు 122, ఆసూస్ ఎసెన్స్ ఎస్‌టీఎక్స్‌కు 124. మదర్‌బోర్డుతో పాటే వచ్చే రియల్‌టెక్ ఏఎల్‌సీ892 చిప్పుకు 97. ఈ నాలుగూ వరసగా రాసి చూస్తే ఏది కొనాలో తేలిపోయినట్టే ఉంటుంది. నిజానికి ఏమీ తేలదు. ఇవి లోడు (హెడ్‌ఫోన్ లాంటి భారం) లేకుండా, ప్రశాంతమైన బెంచి మీద, చాలాసార్లు చిప్పు ఒక్కదానికే తీసిన కొలతలు. ఆట ఆడేవేళ పరిస్థితి వేరు. 32 ఓమ్‌ల హెడ్‌సెట్ తగిలించి ఉంటుంది. పక్క స్లాట్‌లో గ్రాఫిక్స్ కార్డు వందల వాట్లు లాగుతుంటుంది. శబ్దం నేరుగా చిప్పుకు పోకుండా విండోస్ మిక్సర్ గుండా, డ్రైవర్ పెట్టిన ఎఫెక్టుల గుండా నడుస్తుంది. ఈ మూడు పరిస్థితుల్లోనూ కొలిచినప్పుడే ఆ కార్డు గేమింగ్‌కు ఎంత పనికొస్తుందో తెలుస్తుంది.

ఒకప్పుడు ఈ పరీక్ష అర్థమే వేరు. 1998లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ లైవ్, 2005 నాటి ఎక్స్-ఫై లాంటి కార్డులు ఆటలోని పదుల కొద్దీ శబ్దాలను తమ చిప్పులోనే కలిపేవి. అప్పట్లో ఎన్ని శబ్దాలు ఒకేసారి పలికించగలదు, ప్రాసెసర్ మీద ఎంత భారం పడుతుంది, ఫ్రేమ్ రేటు ఎంత తగ్గుతుంది అన్నవే పరీక్షలు. విండోస్ విస్టాతో, ఆటలు శబ్దాన్ని నేరుగా కార్డు చిప్పుకు అప్పగించే డైరెక్ట్‌సౌండ్ హార్డ్‌వేర్ దారి మూసుకుపోయింది. ఇప్పుడు ఆట తన శబ్దాలన్నీ ప్రాసెసర్ మీదే కలిపి, తయారైన స్ట్రీమ్‌ను కార్డుకు అందిస్తుంది. కాబట్టి కొత్త సౌండ్ కార్డు వేస్తే ఎఫ్‌పీఎస్ (ఫ్రేమ్ రేటు) పెరుగుతుందన్న మాట నేటి ఆటలకు వర్తించదు. కార్డు చేతిలో మిగిలినవి డిజిటల్ నుంచి అనలాగ్‌కు మార్చడం, హెడ్‌ఫోన్‌ను నడపడం, మైకు సిగ్నల్ తీసుకోవడం, డ్రైవర్‌లోని సరౌండ్ ఎఫెక్టు. పరీక్షించాల్సింది ఈ నాలుగే.

కావలసిన సరంజామా

రెండు కొసలా 3.5 మి.మీ. మేల్ పిన్ను ఉన్న స్టీరియో కేబుల్ ఒకటి, అర మీటరు చాలు. ఒకటి రెండుగా చీలే వై-స్ప్లిటర్ ఒకటి. పావు వాటు 33 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు, వాటిని అతికించడానికి ఒక 3.5 మి.మీ. మేల్ ప్లగ్గు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒకే దుకాణంలో దొరుకుతాయి. ప్లగ్గులో కొనకూ కింది గ్రౌండుకూ మధ్య ఒక రెసిస్టరు, నడిమి రింగుకూ గ్రౌండుకూ మధ్య ఇంకొకటి అతికిస్తే నకిలీ హెడ్‌ఫోన్ తయారు. అసలు హెడ్‌ఫోన్‌తోనూ పరీక్షించవచ్చు, కాకపోతే దాని ఇంపెడెన్స్ (ఓమ్‌లలో కొలిచే విద్యుత్ నిరోధం) ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది కనుక లెక్కకు రెసిస్టరే నికరం.

సాఫ్ట్‌వేర్ అంతా ఉచితమే. కొలతలకు ఆర్ఈడబ్ల్యూ (రూమ్ ఈక్యూ విజార్డ్), రికార్డింగుకు ఆడాసిటీ, డ్రైవర్ జాప్యాలకు లేటెన్సీమాన్. రైట్‌మార్క్ ఆడియో అనలైజర్ కూడా ఇదే పని ఒక్క బటన్‌తో చేసి, చివర్లో ‘ఎక్సలెంట్’, ‘వెరీ గుడ్’ అని మార్కులు వేస్తుంది. ఆ మార్కులను పక్కన పెట్టి గ్రాఫులు మాత్రమే చూడాలి.

కొలిచే దారి లూప్‌బ్యాక్: ఆకుపచ్చ లైన్ అవుట్ నుంచి నీలం లైన్ ఇన్‌కు కేబుల్. గులాబీ రంగు మైక్ ఇన్‌కు పెట్టకూడదు. అందులో మైకు కోసం రెండు వోల్టులకు పైబడిన బయాస్ ఉంటుంది, పైగా బూస్ట్ ఉంటుంది. లాప్‌టాప్‌లలో ఒక్కటే కాంబో జాక్ ఉంటుంది కాబట్టి అక్కడ లూప్‌బ్యాక్ కుదరదు, లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ ఒకటి వేరే కావాలి. ఇందులో ఇంకో చిక్కు ఉంది. వచ్చే ఫలితం అవుట్‌పుట్‌దీ ఇన్‌పుట్‌దీ కలిపి. ఏఎల్‌సీ1150 చిప్పులో ప్లేబ్యాక్ వైపు 115 డీబీ ఉంటే రికార్డింగ్ వైపు 104 మాత్రమే. తనను తాను కొలుచుకుంటే 104కు పైన ఏమీ కనపడదు. రెండు కార్డులను పోల్చాలంటే రెంటినీ ఒకే మంచి ఇన్‌పుట్‌తో కొలవడం న్యాయం.

కేబుల్ పెట్టేముందు విండోస్‌లో కొన్ని ఆపాలి. ప్లేబ్యాక్, రికార్డింగ్ రెండు చోట్లా ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆఫ్. స్పేషియల్ సౌండ్ ఆఫ్. రికార్డింగ్ ప్రాపర్టీస్‌లో ‘లిసన్ టు దిస్ డివైస్’ టిక్కు తీసేయాలి, లేదంటే లూపులో సిగ్నల్ తిరిగి తిరిగి కూతపెడుతుంది. రెండు వైపులా ఫార్మాట్ 24 బిట్, 48000 హెర్ట్జ్. ఆటల శబ్దాలు ఎక్కువగా 48 కిలోహెర్ట్జ్‌లోనే తయారవుతాయి. అక్కడ 192 కిలోహెర్ట్జ్ ఎంచుకుంటే విండోస్ ప్రతి శబ్దాన్నీ పైకి మార్చి పంపుతుంది తప్ప కొత్తగా వచ్చే వివరం సున్నా.

మొదటి కొలత, అందులో తప్పుదారి పట్టించేవి

ఆర్ఈడబ్ల్యూ జనరేటర్‌లో 997 హెర్ట్జ్ సైన్ టోన్, స్థాయి −3 డీబీఎఫ్‌ఎస్ (డిజిటల్ గరిష్ఠాన్ని సున్నాగా పెట్టి లెక్కించే డెసిబెల్స్). శబ్దాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసి చూపే ఆర్‌టీఏ విండోలో ఎఫ్‌ఎఫ్‌టీ పొడవు 64కే, బ్లాక్‌మన్-హారిస్ 7 విండో, 8 సగట్లు. సున్నా డీబీఎఫ్‌ఎస్ వద్ద కొలవకూడదు. విండోస్ షేర్డ్ మోడ్‌లో ఒక లిమిటర్ ఉంటుంది. సిగ్నల్ గరిష్ఠానికి ఆనుకుందంటే అది కల్పించుకుని, కార్డులో లేని డిస్టార్షన్ చూపిస్తుంది.

ఆ తరవాత లైన్ ఇన్ మునిగిపోతుందేమో చూడాలి. 2 వోల్టులిచ్చే అవుట్‌పుట్‌ను 1 వోల్టుకు తయారైన ఇన్‌పుట్‌కు పెడితే టీహెచ్‌డీ (అసలు టోన్‌కు తోడుగా పుట్టే హార్మోనిక్ డిస్టార్షన్ శాతం) ఒక్కసారిగా ఒక శాతానికి ఎగబాకుతుంది. టోన్‌ను −12, −9, −6, −3 వద్ద వరసగా వాయించి టీహెచ్‌డీ రాసుకోవాలి. మెట్టు మెట్టుకూ కొద్దికొద్దిగా మారితే అది కార్డు స్వభావం. ఒక మెట్టు దగ్గర ఉన్నట్టుండి పది రెట్లయితే ఇన్‌పుట్ క్లిప్ అవుతున్నట్టు, అంటే సిగ్నల్ కొనలు కోసుకుపోతున్నట్టు. అప్పుడు అంతకు ముందు మెట్టు దగ్గరే ఆగి కొలవాలి.

గ్రాఫులో అడుగు గీత −140 డీబీ దగ్గర కనిపిస్తే ఎస్‌ఎన్‌ఆర్ 140 వచ్చిందని సంబరపడేవాళ్లున్నారు. ఆ గీత నాయిస్ మొత్తం కాదు. 64కే ఎఫ్‌ఎఫ్‌టీ నాయిస్‌ను 32,768 గదుల్లోకి పంచుతుంది కాబట్టి ఒక్కో గదిలో అది దాదాపు 45 డీబీ కిందికి దిగినట్టు కనిపిస్తుంది. −140 గీత అంటే మొత్తం నాయిస్ సుమారు −95. చదవాల్సింది గీతను కాదు, పక్కన నాయిస్ అని విడిగా చూపే అంకెను.

నాయిస్ కొలతకు నిశ్శబ్దమైన ఫైలు వాయించడం ఇంకో పొరపాటు. చాలా చిప్పులు డిజిటల్ సున్నాలు వస్తున్నాయని గమనించగానే అవుట్‌పుట్‌ను మ్యూట్ చేస్తాయి. అప్పుడు కనిపించేది మూసిన తలుపు నిశ్శబ్దం, ఆట నడిచేటప్పటిది కాదు. −60 డీబీఎఫ్‌ఎస్ టోన్ వాయిస్తూ దాని చుట్టూ ఉన్న నాయిస్ చదివితే చిప్పు మేలుకునే ఉంటుంది. డైనమిక్ రేంజ్ కొలిచే పద్ధతి కూడా ఇదే.

ఎంత నాయిస్ అయితే వినపడుతుంది? అది కార్డును బట్టి కాక చెవికి పెట్టుకునేదాన్ని బట్టి ఉంటుంది. అవుట్‌పుట్‌లో 20 మైక్రోవోల్టుల నాయిస్ ఉందనుకుందాం. ఒక వోల్టుతో పోలిస్తే అది −94 డీబీ, చవక బోర్డు స్థాయి. 32 ఓమ్‌లు, మిల్లీవాటుకు 100 డీబీ ఇచ్చే మామూలు హెడ్‌సెట్‌లో అది చెవి దగ్గర 21 డీబీ ఎస్‌పీఎల్ (శబ్ద పీడన స్థాయి) అవుతుంది. క్యాబినెట్ ఫ్యాన్ల హోరులో దాన్ని ఎవరూ వినలేరు. 16 ఓమ్‌లు, 110 డీబీ సున్నితత్వం ఉన్న ఇన్-ఇయర్‌లో అదే నాయిస్ 34 డీబీ. రాత్రిపూట గదిలో ‘సుయ్’మంటూ స్పష్టంగా వినిపిస్తుంది. కార్డు ఒకటే, ఇద్దరి ఫిర్యాదూ నిజమే.

లోడు పెట్టాక బయటపడేవి

లైన్ ఇన్ ఇంపెడెన్స్ సాధారణంగా 10 కిలో ఓమ్‌ల స్థాయి. దాన్ని నడపడం ఏ చిప్పుకైనా తేలికే. ఇప్పుడు వై-స్ప్లిటర్ పెట్టి ఒక కాలికి లైన్ ఇన్ కేబుల్, ఇంకో కాలికి 33 ఓమ్‌ల నకిలీ ప్లగ్గు తగిలించాలి. ప్లగ్గు తీసి ఒకసారి, పెట్టి ఒకసారి అదే టోన్ స్థాయి చదవాలి. ఆ తేడాలోంచే అవుట్‌పుట్ ఇంపెడెన్స్ లెక్క తేలుతుంది. స్థాయి 0.26 డీబీ పడితే 1 ఓమ్, 2.3 డీబీ పడితే 10 ఓమ్‌లు, 4.4 డీబీ పడితే 22 ఓమ్‌లు. మల్టీమీటరు అక్కర్లేదు. నిజానికి ఇళ్లలో ఉండే పసుపు రంగు చవక మీటర్లలో ఏసీ రేంజ్ 200 వోల్టుల దగ్గర మొదలవుతుంది, ఒక వోల్టు సిగ్నల్‌ను అది సరిగా చదవలేదు.

ఈ అంకెకు ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ అన్ని స్వరాలకూ ఒకేలా ఉండదు. 1 కిలోహెర్ట్జ్ దగ్గర 32 ఓమ్‌లున్న ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోన్, బేస్ రెజొనెన్స్ దగ్గర 80 ఓమ్‌లకు లేస్తుందనుకుంటే, 22 ఓమ్‌ల కార్డు మీద ఆ బేస్ 2.4 డీబీ ఉబ్బుతుంది. 1 ఓమ్ కార్డు మీద ఆ ఉబ్బు 0.16 డీబీ. ‘కొత్త కార్డు వేశాక పేలుళ్లు గట్టిగా వినపడుతున్నాయి, అడుగుల చప్పుడు మాత్రం మసకబారింది’ అనేవాళ్ల ఫిర్యాదులో కొంత భాగం ఇక్కడినుంచే వస్తుంది. హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదన్నది వాడుకలో ఉన్న కొలబద్ద. 32 ఓమ్‌లకు 4 ఓమ్‌లు. గేమింగ్ పేరుతో అమ్మిన కార్డుల్లో 22 ఓమ్‌ల దాకా ఉన్నవి ఉన్నాయి. ఏఈ-5ను 1 ఓమ్ అని ప్రకటించుకోవడం వెనక కారణం కూడా ఇదే.

లోడు పెట్టగానే కొన్ని బోర్డుల్లో దీనికి విరుద్ధంగా బేస్ కరిగిపోతుంది. అవుట్‌పుట్ దారిలో డీసీని ఆపే కెపాసిటర్ ఉంటే, అదీ హెడ్‌ఫోనూ కలిసి కింది స్వరాలను కోసేసే ఫిల్టర్‌గా మారతాయి. 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ 32 ఓమ్‌లతో కలిస్తే 50 హెర్ట్జ్ దగ్గర 3 డీబీ తగ్గుతుంది. 220 మైక్రోఫారడ్ అయితే ఆ బిందువు 23 హెర్ట్జ్‌కు దిగుతుంది. అదే 100 మైక్రోఫారడ్‌ను 10 కిలో ఓమ్‌ల లైన్ ఇన్‌తో కొలిస్తే కోత 0.16 హెర్ట్జ్ దగ్గర, అంటే ఉన్నట్టే తెలియదు. ఖాళీ లూప్‌బ్యాక్‌లో 20 హెర్ట్జ్ నుంచి గీసిన గీతలా కనిపించిన బోర్డు, హెడ్‌సెట్ పెట్టాక గ్రెనేడు పేలుడులోని గుండె అదిరే భాగాన్ని ఎందుకు ఇవ్వదో ఈ ఒక్క కొలత చెబుతుంది. 20 నుంచి 20,000 హెర్ట్జ్ స్వీప్‌ను లోడుతోనూ లేకుండానూ తీసి ఒకదాని మీద ఒకటి వేసి చూడాలి.

టీహెచ్‌డీ కూడా లోడుతోనే చదవాలి. 0.1 శాతం అంటే −60 డీబీ, 0.01 అంటే −80. ఆటల శబ్దానికి 0.1 లోపు ఉంటే చెవికి తేడా తెలియదు. ఖాళీగా 0.003 చూపిన అవుట్‌పుట్ 33 ఓమ్‌లతో 1 శాతం దాటిందంటే అందులో అసలు హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ లేనట్టు, లేదా డ్రైవర్‌లో జాక్‌ను లైన్ అవుట్‌గా గుర్తించినట్టు. రియల్‌టెక్ కంట్రోల్ ప్యానెల్‌లో దాన్ని హెడ్‌ఫోన్‌గా మార్చి మళ్లీ కొలవాలి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

250 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు చిక్కు వేరు, అక్కడ కావాల్సింది వోల్టేజి. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 250 ఓమ్‌ల మోడల్‌కు సున్నితత్వం మిల్లీవాటుకు 96 డీబీ. 1 వోల్టుతో అది 102 డీబీ శిఖరాన్ని అందుకుంటుంది, 2 వోల్టులతో 108. ఆటలకు 1 వోల్టు సరిపోతుంది, సినిమాలకు కొంచెం తక్కువ అనిపించవచ్చు. ‘600 ఓమ్‌ల ఆంప్’ అన్న ముద్ర చూసి 32 ఓమ్‌ల హెడ్‌సెట్ కోసం కార్డు కొనడంలో మాత్రం అర్థం లేదు.

క్రాస్‌టాక్ (ఒక చెవి శబ్దం రెండో చెవికి కారడం) గురించి పెట్టెల మీద చేసే హడావుడి ఎక్కువ. మైకుతో కలిసిన నాలుగు వలయాల జాక్‌లో రెండు చెవులకూ గ్రౌండు తీగ ఒకటే. ఆ ఉమ్మడి దారిలో 0.1 ఓమ్ ఉంటే 32 ఓమ్‌ల హెడ్‌సెట్‌లో క్రాస్‌టాక్ −50 డీబీకి పడిపోతుంది. కార్డు −100 ఇచ్చినా సరే. అయినా నష్టమేమీ లేదు. పక్కనుంచి వచ్చే శబ్దానికి రెండు చెవుల మధ్య సహజంగా ఉండే స్థాయి తేడాయే పై స్వరాల్లో 20 డీబీ ప్రాంతం. −40 కన్నా మెరుగ్గా ఉంటే దిశ చెదరదు. సన్నటి, పొడవాటి ఎక్స్‌టెన్షన్ తీగతో గ్రౌండులో 1 ఓమ్ చేరి −30కి వస్తేనే ఆలోచించాలి.

గ్రాఫిక్స్ కార్డు నిద్రలేచినప్పుడు

మదర్‌బోర్డు ఆడియో ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. ఆట సెట్టింగ్స్‌లో ఆట శబ్దాన్ని సున్నా చేసి, నేపథ్యంలో −60 డీబీఎఫ్‌ఎస్ టోన్ నడుపుతూ, మూడు సందర్భాల్లో 30 సెకన్ల చొప్పున స్పెక్ట్రమ్ తీయాలి: ఖాళీ డెస్క్‌టాప్, ఫ్రేమ్ లిమిట్ తీసేసిన ఆట మెనూ, మామూలు ఆట. మెనూ ఎందుకంటే అక్కడ గీయాల్సింది తక్కువ కాబట్టి ఫ్రేమ్ రేటు వందల్లోకి, ఒక్కోసారి వేలల్లోకి పరుగెడుతుంది, గ్రాఫిక్స్ కార్డులోని కాయిళ్ల కూతలు అప్పుడే ముదురుతాయి.

డెస్క్‌టాప్ గ్రాఫులో లేని ముళ్లు ఆటలో మొలిస్తే అవి ఎక్కడివో తేల్చడం సులువు. ఫ్రేమ్ లిమిట్‌ను 60, 144, 240కి మార్చాలి. ముళ్లు దాంతో పాటు జరిగితే నేరం గ్రాఫిక్స్ కార్డు కరెంటు లాగే తీరుది. మౌస్ కదిపినప్పుడు మాత్రమే 1, 2, 3 కిలోహెర్ట్జ్ దగ్గర ముళ్లు లేస్తే అది 1000 హెర్ట్జ్ పోలింగ్, అంటే మౌస్ సెకనుకు వెయ్యిసార్లు కంప్యూటర్‌కు కబురు పంపడం. మౌస్ సాఫ్ట్‌వేర్‌లో 500కు తగ్గిస్తే కొత్త ముల్లు 500 దగ్గర పుడుతుంది. టోన్‌కు సరిగ్గా 1000 కాకుండా 997 హెర్ట్జ్ వాడమన్నది ఇందుకే. లేకపోతే మౌస్ ముల్లు టోన్ కింద దాక్కుంటుంది.

ఇదే పరీక్షను ముందు ప్యానెల్ జాక్ మీద, వెనక జాక్ మీద విడివిడిగా చేయాలి. ముందు జాక్‌కు వెళ్లే తీగ బోర్డు అడుగున ఉన్న ఆడియో హెడర్ నుంచి బయల్దేరి తరచూ గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచే పైకి పాకుతుంది. వెనక −95, ముందు −75 వస్తే కార్డు కొనాల్సిన పని లేదు. ఆ తీగను క్యాబినెట్ వెనక ట్రే వైపు నుంచి తిప్పినా, వెనక జాక్‌కు మంచి ఎక్స్‌టెన్షన్ పెట్టినా సరిపోతుంది. పీసీఐఈ సౌండ్ కార్డు వేసినవాళ్లు దాన్ని గ్రాఫిక్స్ కార్డుకు ఆనుకున్న స్లాట్‌లో పెట్టకుండా అన్నిటికన్నా కింది స్లాట్‌కు దించి మళ్లీ కొలవాలి. స్లాట్ మార్చడానికి ఐదు నిమిషాలు పడుతుంది, దాని ఫలితం మాత్రం పెట్టె మీది అంకెల మధ్య తేడా కన్నా పెద్దదిగా రావచ్చు.

ముళ్లు 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర వరసకట్టి ఉంటే కథ గ్రౌండింగ్‌ది. అమెరికాలో ఉన్నవాళ్లకు ఆ వరస 60, 120, 180. కరెంటుతో నడిచే స్పీకర్లు వాడేచోట ఇది ఎక్కువ. స్పీకర్ తీగను కంప్యూటర్ నుంచి పీకి బ్యాటరీ మీదున్న ఫోన్‌కు పెట్టినప్పుడు గుయ్యిమనడం ఆగిపోతే గ్రౌండ్ లూప్ అని ఖాయం. స్పీకర్లనూ కంప్యూటర్‌నూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెస్తే చాలావరకు తగ్గుతుంది. అప్పటికీ పోకపోతే ఆప్టికల్ తీగతో బయటి డీఏసీకి (డిజిటల్‌ను అనలాగ్‌గా మార్చే పెట్టె) వెళ్లాలి, కాంతి దారిలో గ్రౌండు ఉండదు. ఎర్త్ పిన్ను విరగ్గొట్టి ‘సమస్య తీరింది’ అనుకోవడం మన ఇళ్లలో చూసేదే. అలా చేస్తే సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ మీదికి సగం మెయిన్స్, అంటే 115 వోల్టుల ప్రాంతం తేలుతుంది. క్యాబినెట్ ముట్టుకుంటే జిలజిలలాడేది అదే. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు కొలవకూడదు. దాని నిండా హార్మోనిక్స్ ఉంటాయి, ఆ నింద కార్డు మీద పడుతుంది.

ఆలస్యం, తెగిపోవడం

ఆట ఆడేవాడికి కావాల్సింది క్లిక్ నుంచి తుపాకి చప్పుడు దాకా పట్టే సమయం. ఫోన్‌ను మౌస్‌కూ హెడ్‌ఫోన్ కప్పుకూ మధ్య పెట్టి రికార్డ్ చేస్తూ, ఇరవై సార్లు కాల్చి, ఆడాసిటీలో క్లిక్ మొనకూ తుపాకి మొనకూ ఎడం కొలిస్తే చాలు. సగటుతో పాటు చెదురు (ఒక్కోసారికీ ఉండే తేడా) కూడా చూడాలి, ఎందుకంటే 60 ఫ్రేముల ఆటలో ఒక్క ఫ్రేమే 16.7 మిల్లీసెకన్లు. విండోస్ షేర్డ్ మోడ్ సాధారణంగా 10 మిల్లీసెకన్ల విడతల్లో పనిచేస్తుంది. అందువల్ల వైరు కార్డుల మధ్య తేడా ఆ చెదురులోనే కలిసిపోతుంది. మామూలు బ్లూటూత్ మాత్రం వంద మిల్లీసెకన్లు సులువుగా దాటుతుంది, అది ఈ పరీక్షలో మొదటి క్లిక్‌కే దొరుకుతుంది.

శబ్దం పటపటమని తెగిపోవడాన్ని పట్టుకోవడానికి 997 హెర్ట్జ్ టోన్‌ను పది నిమిషాలు ఆటతో పాటు నడిపి రికార్డ్ చేసి, ఆడాసిటీ నాచ్ ఫిల్టర్‌తో ఆ టోన్‌ను తీసేయాలి. మిగిలిన చదును గీత మీద తెగిన ప్రతి చోటూ ఒక మొనలా నిలబడుతుంది. రికార్డింగ్ కూడా అదే కంప్యూటర్‌లో జరిగితే తెగింది ఏ వైపో తెలియదు కనుక ఇంకో యంత్రంలో రికార్డ్ చేయడం మేలు. మొనలు కనిపిస్తే లేటెన్సీమాన్ నడిపి ఏ డ్రైవర్ ప్రాసెసర్‌ను ఎక్కువసేపు పట్టి ఉంచుతోందో చూడాలి. దొరికేది తరచుగా నెట్‌వర్క్ లేదా గ్రాఫిక్స్ డ్రైవరు. సౌండ్ కార్డు మార్చినా ఆ తెగిపోవడం ఆగదు.

దిశ చెప్పగలదా?

హెడ్‌ఫోన్‌లో ఎనిమిది స్పీకర్లున్నట్టు భ్రమ కల్పించే వర్చువల్ 7.1 అన్నది ఈ కార్డుల అమ్మకపు మాట కనుక దాన్ని కొలిచే తీరాలి. ఆడాసిటీలో ఎనిమిది మోనో ట్రాకులు పెట్టి, ఒక్కోదానిలో వేర్వేరు సమయాల్లో చిన్న పింక్ నాయిస్ ముక్క వేసి, ఎనిమిది ఛానెళ్ల వేవ్ ఫైలుగా ఎగుమతి చేయాలి. విండోస్‌లో స్పీకర్ అమరికను 7.1గా పెట్టాలి. ఇది మరిచిపోతే ఆట రెండు ఛానెళ్లే పంపుతుంది, ఎఫెక్టు ఆ రెంటినే సాగదీసి ‘సరౌండ్’ అంటుంది. ఎఫెక్టు ఆన్ చేసి ఫైలు వాయిస్తూ లూప్‌బ్యాక్‌లో స్టీరియో రికార్డ్ చేయాలి.

చూడాల్సినవి రెండు. మొదటిది, పక్క ఛానెల్ శబ్దం దూరపు చెవికి ఎంత ఆలస్యంగా చేరింది. మనిషి తలకు అది 0.6 నుంచి 0.7 మిల్లీసెకన్లు, అంటే 48 కిలోహెర్ట్జ్‌లో సుమారు 30 శాంపిళ్లు. ఆలస్యమే లేకుండా స్థాయి తేడా మాత్రమే ఉంటే అది పేరుకే సరౌండ్. రెండోది, ముందు ఎడమ ఛానెల్ స్పెక్ట్రమ్‌నూ వెనక ఎడమ ఛానెల్ స్పెక్ట్రమ్‌నూ పక్కన పెట్టడం. ముందూ వెనకా తేడాను చెవి ఆలస్యంతో కాక, చెవి డొప్ప పై స్వరాల్లో చేసే ఎత్తుపల్లాలతో పోల్చుకుంటుంది. ఆ రెండు గ్రాఫులూ 4 కిలోహెర్ట్జ్ పైన ఒకేలా ఉంటే వెనకనుంచి వచ్చే శత్రువు ముందున్నట్టే వినిపిస్తాడు. కొన్ని ఎఫెక్టులు వెనక ఛానెళ్లకు కాస్త ప్రతిధ్వని పూసి ఊరుకుంటాయి. గదిలా అనిపిస్తుంది, దిశ తెలియదు.

వాలరంట్ లాంటి ఆటల్లో సొంత హెచ్‌ఆర్‌టీఎఫ్ (తల, చెవులు శబ్దాన్ని మార్చే తీరును అనుకరించే) సెట్టింగ్ ఉంది. ఆట ఒకసారి తల చుట్టూ తిప్పిన శబ్దాన్ని కార్డు మళ్లీ తిప్పితే దిశ పూర్తిగా చెడుతుంది. ఆట లోపలిది ఆన్ చేస్తే కార్డుదీ విండోస్ సోనిక్‌దీ ఆపేసి, స్పీకర్ అమరికను స్టీరియోకు తేవాలి. ఆటకు శబ్దం ఎక్కడ పుట్టిందో కచ్చితంగా తెలుసు, కార్డుకు తెలిసేది ఎనిమిది స్పీకర్ల స్థానాలే. అందుకే ఆటలో ఈ సౌకర్యం ఉంటే దానికే ఓటు.

అడుగుల చప్పుడు పెంచుతామనే మోడ్‌లు ఎక్కువగా చేసేది చిన్న శబ్దాలను లేపి పెద్దవాటిని అణచడం. −60, −40, −20 డీబీఎఫ్‌ఎస్ టోన్లను వరసగా పంపి బయటికి ఎంత వచ్చిందో చూస్తే అణచివేత ఎంతో తెలుస్తుంది. 40 డీబీ ఎడం బయట 20కి కుదించుకుపోతే అడుగులు వినపడతాయి గానీ, దగ్గరిదీ దూరందీ ఒకే గట్టిదనంతో వస్తాయి. ఆడేవాళ్లు దీన్ని కార్డు ‘క్లారిటీ’గా పొరబడుతుంటారు. విండోస్ లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ ఏ మదర్‌బోర్డు మీదైనా ఉచితంగా దాదాపు ఇదే పని చేస్తుంది. దీనికి తోడు, వాయిస్ చాట్ మొదలవగానే ఆట శబ్దం చతికిలబడితే కార్డును తిట్టక్కర్లేదు. సౌండ్ సెట్టింగ్స్‌లో కమ్యూనికేషన్స్ ట్యాబ్ మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించమని ముందే పెట్టి ఉంటుంది. ‘డూ నథింగ్’ ఎంచుకోవాలి.

మైకుకు పరీక్ష చిన్నది. మామూలు గొంతుతో మాట్లాడినప్పుడు శిఖరం −12 దగ్గర ఉండేలా గెయిన్ పెట్టి, పది సెకన్లు నోరు మూసుకుని రికార్డ్ చేయాలి. ఆ నిశ్శబ్దం సగటు −60 కన్నా కింద ఉంటే జట్టులో ఎవరూ విసుక్కోరు. బూస్ట్ +30 దాకా పోతే తప్ప గొంతు వినపడకపోతే, మైకును నోటికి దగ్గరగా జరపడం అన్నిటికన్నా చవక వైద్యం.

ఇన్ని అంకెల తరవాత కూడా రెండు కార్డుల్లో ఏది మెరుగో తేలకపోతే చెవికి వదలాలి, కళ్లకు గంతలు కట్టి. ఒకే ఆట దృశ్యాన్ని రెండు కార్డుల నుంచీ లోడు తగిలించి ఉండగానే ఒకే మంచి ఇన్‌పుట్‌లోకి రికార్డ్ చేయాలి. రెండు ఫైళ్ల స్థాయినీ 0.1 డీబీ లోపల సమం చేయాలి. ఇది తప్పితే గట్టిగా ఉన్నదే బాగున్నట్టు వినిపిస్తుంది. ఫూబార్2000లోని ఏబీఎక్స్ కంపారేటర్‌లో (వినిపించింది ఏ ఫైలో బీ ఫైలో పేరు చూపకుండా అడిగే సాధనం) 16 సార్లు పోల్చాలి. 12 సరిగ్గా చెబితే అది గాలివాటంగా జరిగే అవకాశం నాలుగు శాతం లోపే, అంటే నిజంగా తేడా వినపడుతోందని నమ్మవచ్చు. 8, 9 దగ్గర ఆగిపోతే ఆ రెండు కార్డుల ధరల మధ్య ఉన్న డబ్బును హెడ్‌ఫోన్ మీద పెట్టడమే నయం. ఈ పద్ధతి పట్టుకోలేనిది హిస్, అంటే ‘సుయ్’మనే నాయిస్. తుపాకుల మోతలో అది మునిగిపోతుంది కాబట్టి, ఆట శబ్దం మ్యూట్ చేసి, గ్రాఫిక్స్ కార్డు పూర్తి వేగంతో తిరుగుతుండగా, రోజూ వాడే ఇయర్‌ఫోనే చెవిలో పెట్టుకుని విడిగా వినాలి.